నాలుగు రోజులైంది, మా పర్షియన్ కూన మంచం కింద నుంచి బయటికి రావడం లేదు

బూడిదరంగు తోక అడిగింది:

అందరికీ నమస్తే. పోస్టు పొడుగ్గా ఉంటుంది, ఓపిగ్గా చదవండి. సగం చెప్పి సగం దాస్తే మీరు సరైన సలహా ఇవ్వలేరని అన్నీ రాస్తున్నాను.

నాలుగు రోజుల క్రితం పర్షియన్ కూనను ఇంటికి తెచ్చుకున్నాం. ఆడది, బూడిదరంగు, పదమూడు వారాల వయసు. మబ్బు అని పేరు పెట్టాం. వచ్చిన రోజు బరువు 1,180 గ్రాములు, ఈ రోజు పొద్దున 1,150. బ్రీడర్ ఇంట్లో చూసినప్పుడు తోబుట్టువుల మీద పడి దొర్లుతూ, మా అమ్మాయి వేళ్లు నాకుతూ ఎంత చలాకీగా ఉందో! మా ఇంట్లో క్యారియర్ తలుపు తీయగానే ఒక్క ఉరుకులో మంచం కిందికి దూరి గోడ మూలకు చేరింది. ఇప్పటికీ అక్కడే ఉంది.

మేం పడుకున్నాక బయటికి వస్తోందని గిన్నె చూస్తే తెలుస్తోంది. పెట్టినదాంట్లో సగం ఖాళీ అవుతోంది. ట్రే హాల్లో ఉంది, అందులోకి ఒక్కసారే వెళ్లింది, మిగతాదంతా మంచం కిందే. రెండో రోజు నుంచి విరేచనం పల్చగా అవుతోంది, కానీ నీళ్లలా కాదు. కుడి కంటి నుంచి నీరు కారి ముక్కు పక్కన గోధుమరంగు చార పడింది. చంకల కింద జుట్టు ఉండలు కట్టినట్టుంది, చేయి వేస్తే గట్టిగా తగులుతోంది.

మా ఇంట్లో ముందు నుంచీ చుక్క ఉంది. ఆరేళ్ల పిల్లి, పొట్టి జుట్టు, ఏ జాతీ కాదు. కూనగా ఉన్నప్పుడు వానలో తడుస్తూ దొరికింది. మొదటి రోజే ఇద్దరూ కలిసిపోతే మంచిదని చుక్కను ఎత్తుకుని ఆ గదిలోకి తీసుకెళ్లాను. చుక్క బుస కొట్టింది. మబ్బు ఒళ్లంతా పొంగించి ఇంకా లోపలికి జరిగింది. ఆ సాయంత్రం నుంచి చుక్క నా పక్కన పడుకోవడం మానేసింది. ఆరేళ్లలో ఎప్పుడూ ఇలా జరగలేదు. నిజం చెప్పాలంటే నాకు అన్నిటికన్నా ఇదే ఎక్కువ బాధగా ఉంది.

నేను చేసినవి కూడా చెప్తాను. బ్రీడర్ పెట్టే మేత కాకుండా ఇంకా మంచిదనుకున్న వేరే కూన మేత మొదటి రోజు నుంచే పెట్టాను. ట్రేలో పోసే ఇసుక (లిట్టర్) చుక్కకు వాడే సువాసన రకమే వేశాను. రోజుకు నాలుగైదుసార్లు మంచం కింద నుంచి మబ్బును బయటికి తీసి ఒళ్లో కూర్చోబెట్టుకుంటున్నాం, అలా అయితే తొందరగా అలవాటవుతుందని. మావారు, అమ్మాయి, అబ్బాయి, నేను, అందరం వంతులవారీగా. దువ్వెన చూపిస్తే వణుకుతోంది. ఒంటికి మురికి అంటిందని రేపు స్నానం చేయించాలనుకుంటున్నాం.

కాగితాలు ఇచ్చారు. టీకా కార్డులో రెండు డోసులున్నాయి, 8 వారాలకు ఒకటి, 12 వారాలకు ఒకటి. నాలుగు తరాల వంశావళి పత్రం ఉంది. తల్లికి పీకేడీ (వంశపారంపర్యంగా వచ్చే మూత్రపిండాల జబ్బు) పరీక్ష నెగటివ్ అని రిపోర్టు ఉంది, తండ్రిది అడిగితే తర్వాత పంపుతామన్నారు.

ఎక్కడ తప్పు చేస్తున్నాను? డాక్టర్ దగ్గరికి పరిగెత్తాలా, ఇంకో రెండు రోజులు ఆగొచ్చా? రాత్రిళ్లు నిద్ర పట్టడం లేదు, చాలా టెన్షన్‌గా ఉంది.

పదకొండేళ్ల దువ్వెన రాసింది:

ముందు రేపటి స్నానం మానుకోండి. మిగతాది తర్వాత మాట్లాడుకుందాం.

పదకొండేళ్లుగా పర్షియన్లను పెంచుతున్నాను. ఇప్పటిదాకా నాలుగు వచ్చాయి, ఇప్పుడు రెండున్నాయి. మీరు రాసింది చదువుతుంటే నా మొదటి పిల్లి వచ్చిన వారం గుర్తొచ్చింది.

మబ్బుకు మనుషులంటే భయం లేదని మీ మాటల్లోనే ఉంది. బ్రీడర్ ఇంట్లో వేళ్లు నాకిందన్నారు. పిల్లికూనకు మనుషులు అలవాటయ్యే ముఖ్యమైన వయసు రెండు నుంచి ఏడు వారాలు. ఆ వయసులో చేతుల మీద పెరిగింది కాబట్టే మీ అమ్మాయి దగ్గరికి వచ్చింది. అది ఎక్కడికీ పోదు. పోయింది వాసన. తల్లి వాసన, పక్కలో పడుకున్న తోబుట్టువుల వాసన, తిన్న మేత వాసన, తవ్విన ఇసుక వాసన, అన్నీ ఒకే రోజు పోయాయి. మేత, లిట్టర్ కూడా అదే రోజు మారాయి కాబట్టి తనకు తెలిసింది ఒక్కటీ మిగల్లేదు. పైగా రోజుకు నాలుగైదుసార్లు ఒక చేయి వచ్చి, దాక్కున్న ఒక్క చోటు నుంచి కూడా బయటికి లాగుతోంది. మీరు ప్రేమతోనే తీస్తున్నారని నాకు తెలుసు. మబ్బుకు మాత్రం ఇంకా తెలియదు.

అందుకని ఈ రోజే ఇలా మార్చి చూడండి. ఆ గదిని పూర్తిగా మబ్బుకు ఇచ్చేయండి. తలుపు మూసి ఉంచండి, చుక్కను రానివ్వొద్దు. హాల్లో ట్రే పెడితే భయంతో ఉన్న కూన అంత దూరం ఎలా నడుస్తుంది? ట్రే ఆ గదిలోనే ఒక మూల పెట్టండి, మేత గిన్నె ఎదురు మూలలో. పిల్లులు తినే చోట విసర్జించవు. బ్రీడర్‌కు ఫోన్ చేసి ఏ మేత, ఏ లిట్టర్ వాడారో అడిగి అచ్చం అవే తెప్పించండి. మీకు నచ్చిన మేతకు తర్వాత మారొచ్చు, కొద్దికొద్దిగా కలుపుతూ వారం పది రోజుల మీద. సువాసన మనకు బాగుంటుంది కానీ పిల్లి ముక్కుకు అది ఘాటు. కుదిరితే తల్లి పడుకున్న గుడ్డముక్క ఒకటి అడిగి తెచ్చుకోండి. నేను కూనను తెచ్చుకునే ప్రతిసారీ ఒక పాత దుప్పటి వారం ముందే బ్రీడర్‌కు ఇచ్చి, దాంతోపాటే కూనను తెచ్చుకున్నాను. ఆ దుప్పటి తెచ్చిన తేడా కళ్లారా చూశాను.

మంచం కింద చోటు మూసేయాలనిపిస్తుంది. వెంటనే మూయకండి. దానికన్నా మంచి చోటు చూపించండి. అట్టపెట్టెకు ఒక పక్క గుమ్మంలా కోసి, బోర్లించి, లోపల మెత్తటి గుడ్డ పరవండి. క్యారియర్ కూడా తలుపు తీసి గదిలోనే ఉంచండి. డాక్టర్ దగ్గరికి వెళ్లేటప్పుడు మాత్రమే కనిపించే క్యారియర్‌ను పిల్లి జీవితాంతం అసహ్యించుకుంటుంది.

ఇక మీరు చేయాల్సిన పని కూర్చోవడం. నేల మీద, మంచానికి పక్కగా తిరిగి. పుస్తకం తీసుకెళ్లి మెల్లగా పైకి చదవండి, గొంతు అలవాటవుతుంది. కళ్లలోకి తదేకంగా చూడకండి, పిల్లికి అది బెదిరింపు. చూపు కలిస్తే రెప్పలు నెమ్మదిగా సగం వాల్చి మళ్లీ తెరవండి. 2020లో ఇంగ్లండ్‌లోని ససెక్స్ యూనివర్సిటీ వాళ్లు దీన్ని పరీక్షించి చూశారు. మనిషి అలా రెప్ప వాలిస్తే పిల్లులు కూడా తిరిగి వాలుస్తున్నాయని, కొత్త మనిషైనా సరే అలా చేసి చేయి చాపితే దగ్గరికి రావడం పెరిగిందని తేలింది. నేను అంతకుముందు నుంచే చేస్తున్నాను, ఎందుకో తెలియకుండా. పిల్లలిద్దరినీ ఒకేసారి పంపకండి. ఒక్కొక్కరు, పావుగంట చొప్పున. దగ్గరికి వస్తే చేయి వాసన చూడనివ్వాలి, ఎత్తుకోకూడదు. మీ అమ్మాయికి ఈ ఒక్క మాట బాగా చెప్పండి, కష్టమే అయినా.

ఇప్పుడు స్నానం ఎందుకు వద్దన్నానంటే, ఉండ కట్టిన జుట్టు తడిస్తే ఇంకా బిగుసుకుంటుంది. రాయిలా అయిపోతుంది. ఇంత భయంలో ఉన్న కూన తడిసి చల్లబడటం కూడా మంచిది కాదు. మురికి ఉన్న చోట మాత్రం గోరువెచ్చటి నీళ్లలో పిండిన గుడ్డతో తుడవండి. ఆ ఉండలను కత్తెరతో కోయొద్దు, దయచేసి. పిల్లి చర్మం చాలా పల్చన, జుట్టు లాగితే గుడారంలా పైకి లేస్తుంది, కోసేదాకా చర్మమని తెలియదు. నా మొదటి పిల్లికి చంకలో అలాగే కోసేశాను. రెండు కుట్లు పడ్డాయి. ఆ రోజు నుంచి ఇంట్లో పిల్లి సామాను పెట్టెలో కత్తెర లేదు.

వేళ్లతో విడదీయండి. ఉండను మొదట్లో, చర్మానికి ఆనుకుని రెండు వేళ్లతో పట్టుకుంటే లాగుడు చర్మానికి తగలదు. తర్వాత కొసల నుంచి కొంచెం కొంచెంగా విప్పుకుంటూ రావాలి. ఒక రోజు ఒక్క ఉండ చాలు. దువ్వెన పళ్లు ఎడంగా ఉన్న స్టీలుది కావాలి. మొదటి వారం దానితో దువ్వొద్దు, తను పడుకునే చోట ఊరికే పడేయండి. తర్వాత వీపు మీద రెండు దువ్వులు, ఒక చిన్న తినుబండారం, అంతే. చెవుల వెనక, చంకలు, తొడల సందులు, పొట్ట, ఈ నాలుగు చోట్లే పర్షియన్‌కు జుట్టు చిక్కు పడేది, తను ఒప్పుకోనిదీ అక్కడే. అందుకే అక్కడికి చివరన చేరుకోవాలి. పెద్దయ్యాక రోజూ పది నిమిషాలు దువ్వాల్సిందే, ఒక్క రోజు తప్పినా తెలిసిపోతుంది. ఈ జాతిని తెచ్చుకున్నామంటే ఆ పది నిమిషాలు ఒప్పుకున్నట్టే.

కన్ను గురించి. చదును ముఖం వల్ల కంటి నుంచి ముక్కులోకి వెళ్లే నీటి దారి వంకర పోతుంది, అందుకని కన్నీరు బయటికే కారి చారలు కడుతుంది. కాచి చల్లార్చిన నీళ్లలో దూది ముంచి రోజూ తుడవండి, ఒక్కో కంటికి వేరే దూది. గిన్నె కూడా లోతు లేని వెడల్పాటి పళ్లెం లాంటిది పెట్టండి. లోతు గిన్నెలో ఆ ముఖానికి మేత అందదు.

తండ్రి రిపోర్టు సంగతి. దీన్ని వదలకండి. పీకేడీ అంటే మూత్రపిండాల్లో నీటి తిత్తులు పెరగడం. ఆ జన్యులోపాన్ని 2004లో గుర్తించారు. అప్పట్లో పర్షియన్లలో మూడోవంతుకు పైగా దీని బారిన పడ్డట్టు లెక్కలున్నాయి. తల్లిదండ్రుల్లో ఒక్కరికి ఉన్నా కూనలకు సగానికి సగం వచ్చే అవకాశం ఉంది, కాబట్టి తల్లి నెగటివ్ అన్నది సగం కథే. నా రెండో పిల్లికి నాలుగు తరాల పత్రం ఉంది, అందమైన పేర్లతో. పరీక్ష రిపోర్టు నేను అడగలేదు, వాళ్లు ఇవ్వలేదు. ఆరేళ్ల వయసులో నీళ్లు ఎక్కువ తాగడం మొదలుపెట్టింది. ఏడో ఏట పోయింది. వంశావళి పత్రం తాతముత్తాతలెవరో చెప్తుంది, మూత్రపిండాలు ఎలా ఉన్నాయో చెప్పదు. బ్రీడర్ తండ్రి రిపోర్టు పంపకపోతే మబ్బుకే పరీక్ష చేయించండి. బుగ్గ లోపల దూదిపుల్లతో తీసిన నమూనా చాలు. స్కాన్‌లో అయితే పది నెలలు దాటాకే నమ్మకంగా చెప్పగలరు.

చుక్క గురించి విడిగా రాస్తాను, అది పెద్ద విషయం. ఈ రాత్రికి మాత్రం చుక్క దగ్గరే పడుకోండి.

మూడో అంతస్తు రాసింది:

నా అనుభవం వేరు. మా బ్రిటిష్ షార్ట్‌హెయిర్ వచ్చిన రోజే ఎత్తుకుని ఇల్లంతా తిప్పాం, సాయంత్రానికల్లా సోఫా మీద వెల్లకిలా పడుకుంది. మరీ వదిలేస్తే దాక్కోవడమే అలవాటవుతుందేమో. తినకపోతే కొంచెం పాలు పెట్టి చూడండి, ఏ కూన అయినా తాగుతుంది.

ఇంకోటి, కిటికీలకు, బాల్కనీకి వల వేశారా? భయపడిన పిల్లి ఎటు దూకుతుందో చెప్పలేం. మామూలు దోమతెర ఆపలేదు, గోళ్లకు చిరిగిపోతుంది. మా పక్కింటి పిల్లి అలాగే పడి దవడ విరిగింది. గట్టి వల వేసేదాకా కిటికీ తెరవకండి.

రాత్రి షిఫ్ట్ రాసింది:

పశువుల క్లినిక్‌లో సహాయకురాలిగా పని చేస్తాను, డాక్టర్‌ని కాదు. రోజూ చూసేవి చెప్తాను.

పాలు వద్దు. తల్లిపాలు మానిన కూనకు ఆవుపాలలోని చక్కెర సరిగా అరగదు, ఉన్న విరేచనాలు ఎక్కువవుతాయి. నీళ్లే పెట్టండి, మేత గిన్నెకు దూరంగా. తడి మేత పెడితే నీళ్లు అందులోనూ అందుతాయి. కొంచెం వెచ్చబెడితే వాసన పైకి వచ్చి, బెదిరిన కూన కూడా తింటుంది. ఈ వయసుకు రోజుకు నాలుగుసార్లు కొంచెం కొంచెంగా పెట్టాలి. మూడో అంతస్తు గారి పిల్లిది ధైర్యం ఉన్న స్వభావం, అలాంటివి ఉంటాయి. నాలుగు రోజులైనా మంచం కిందే ఉన్న కూనకు ఆ పద్ధతి పనికిరాదు. వలల గురించి చెప్పింది మాత్రం అక్షరాలా నిజం.

బూడిదరంగు తోక గారూ, మీరు తూకం వేయడం నాకు చాలా నచ్చింది. వచ్చేవాళ్లలో పదిమందిలో ఒక్కరు కూడా ఆ అంకె చెప్పలేరు. ఈ వయసు కూన వారానికి దగ్గరదగ్గర 100 గ్రాములు పెరగాలి. నాలుగు రోజుల్లో 30 గ్రాములు తగ్గిందంటే భయపడాల్సినంత కాదు కానీ వదిలేయాల్సిందీ కాదు. విరేచనం కూడా ఉంది కాబట్టి రేపో ఎల్లుండో చూపించండి. పరుగు అక్కర్లేదు, ఆలస్యమూ వద్దు. వెళ్లేటప్పుడు తాజా విరేచనం కొంచెం డబ్బాలో తీసుకెళ్లండి.

మేత మార్పు వల్ల అయితే పాత మేతకు మారిన మూడు నాలుగు రోజుల్లో గట్టిపడుతుంది. అలా కాకుండా జిగురు, నెత్తుటి చారలు, భరించలేని వాసన ఉంటే జియార్డియా, ట్రైట్రైకోమోనాస్ అనే సూక్ష్మజీవుల కోసం పరీక్ష చేయమని అడగండి. చాలా పిల్లులు కలిసి పెరిగే చోట నుంచి వచ్చిన జాతి కూనల్లో ఇవి మామూలే. రెండోది నులిపురుగుల మందుకు పోదు, పీసీఆర్ (సూక్ష్మజీవి జన్యువును వెతికే) పరీక్ష చేస్తే తప్ప చాలాసార్లు బయటపడదు. ఈ మధ్యే ఒక కూనకు ఇంట్లో వాళ్లు మూడుసార్లు నులిపురుగుల మందు వేసి, రెండు నెలలు పోగొట్టుకుని వచ్చారు.

ఆగకుండా అదే రోజు వెళ్లాల్సిన గుర్తులు వేరే ఉన్నాయి. పన్నెండు గంటలకు పైగా ఏమీ తినకపోవడం, వాంతులు ఆగకపోవడం, పిలిచినా తల ఎత్తనంత నీరసం, నోరు తెరిచి ఊపిరి తీయడం. ఒంటి వేడి 38 నుంచి 39.2 డిగ్రీల సెల్సియస్ మధ్య ఉండాలి, దానికి పైనా కిందా రెండూ ప్రమాదమే. కంటి నీరు పల్చగా ఉంటే పైన చెప్పినట్టు తుడిస్తే చాలు. పసుపు, ఆకుపచ్చ పుసి కట్టినా, కన్ను సగం మూసి ఉంచినా ఆగొద్దు, చదును ముఖం పిల్లులకు కంటిగుడ్డు మీద పుండ్లు తొందరగా పడతాయి. తుమ్ములు మొదలైతే హెర్పీస్ వైరస్ కావచ్చు. చాలా పిల్లుల్లో అది లోపల నిద్రపోతూ ఉండి, ఇల్లు మారిన ఒత్తిడికి వారం తర్వాత పైకి వస్తుంది. మనుషులకు అంటదు, చుక్కకు అంటుతుంది.

టీకాలు రెండుతో అయిపోలేదు. తల్లి నుంచి వచ్చిన రక్షణ ఒంట్లో ఉన్నంతకాలం టీకా సరిగా పట్టదు, అందుకని చివరి డోసు 16 వారాలకు గానీ ఆ తర్వాత గానీ పడాలి. రేబీస్ టీకా సంగతి కూడా అడగండి. నులిపురుగుల మందు ఆరు నెలల దాకా నెలకోసారి. గర్భసంచి ఆపరేషన్ ఎప్పుడో అదే రోజు మాట్లాడుకోండి, కొన్ని పిల్లులు నాలుగైదు నెలలకే ఎదకు వస్తాయి.

మబ్బు మంచం కింద ఉంది కాబట్టి ఇల్లు వెతకడానికి ఇదే సమయం. పారాసిటమాల్ ఒక్క మాత్ర పెద్ద పిల్లిని కూడా చంపేస్తుంది, మనుషుల జ్వరం మందు ఎప్పుడూ వేయొద్దు. కుక్కల పిడుదులకు వాడే పెర్మెత్రిన్ మందులు పిల్లికి విషం. లిల్లీ జాతి పూలు ఇంట్లోకే రానివ్వొద్దు, మీద రాలిన పుప్పొడి నాకినా మూత్రపిండాలు పోతాయి. దారాలు, రిబ్బన్లు, సూదులు ఎత్తి పెట్టండి. మింగిన దారం కొస బయట కనిపించినా లాగకండి, పేగు కోసుకుపోతుంది. వాషింగ్ మెషీన్ వేసే ముందు లోపల చేయి పెట్టి చూడండి, ప్రతిసారీ.

చుక్కను రెండు వారాలు విడిగా ఉంచండి. దానికి స్నేహం ఒక్కటే కారణం కాదు. పర్షియన్లు తామరను పైకి ఏమీ కనిపించకుండా మోసుకురావచ్చు. గుండ్రంగా జుట్టు ఊడిన మచ్చ కనిపిస్తే చెప్పండి, అది మీ పిల్లలకూ అంటుతుంది. మబ్బు గదిలోంచి వచ్చాక చేతులు కడుక్కుని చుక్కను ముట్టుకోండి.

బూడిదరంగు తోక రాసింది:

మీ అందరికీ ఎలా కృతజ్ఞతలు చెప్పాలో తెలియడం లేదు. స్నానం మానేశాం. ఆ రాత్రే ట్రే గదిలోకి మార్చాను. బ్రీడర్‌ను అడిగితే పాత మేత పేరు చెప్పి, తల్లి పడుకునే గుడ్డ కూడా ఇచ్చారు. అది అట్టపెట్టెలో వేసిన గంటకు మంచం కింద నుంచి ముక్కు బయటికి వచ్చింది. తర్వాత మొత్తం వచ్చి పెట్టెలోకి వెళ్లి ఆ గుడ్డను ముందుకాళ్లతో పిసుకుతూ పడుకుంది. నేను తలుపు దగ్గర నేల మీద కూర్చుని ఉన్నాను. ఏడుపు ఆగలేదు.

ఈ రోజు ఆరో రోజు. డాక్టర్ చూశారు. వేడి మామూలుగానే ఉంది, విరేచనంలో జియార్డియా కనిపించిందని మందు ఇచ్చారు. బరువు 1,190. నిన్న మా అబ్బాయి బోర్లా పడుకుని లెక్కల పుస్తకం పైకి చదువుతుంటే వచ్చి వాడి జుట్టు వాసన చూసి వెళ్లింది. వాడు కదల్లేదు, ఊపిరి కూడా బిగబట్టాడు.

చుక్క ఇంకా అలిగే ఉంది. తలుపు కింద సందు దగ్గర కూర్చుని గుర్రుమంటోంది. చుక్క గురించి విడిగా రాస్తానన్నారు, ఎదురుచూస్తున్నాను.

పదకొండేళ్ల దువ్వెన రాసింది:

జియార్డియా దొరికిందంటే సగం పని అయినట్టే. మందు అయిపోయేదాకా ట్రే రోజూ వేడినీళ్లతో కడగండి, వెనక జుట్టుకు అంటుకున్నది తుడుస్తూ ఉండండి. పర్షియన్‌కు ఆ జుట్టులోనే అది మిగిలిపోయి మళ్లీ నోట్లోకి వెళ్తుంది. చుక్కను కూడా పరీక్ష చేయించాలేమో డాక్టర్‌ను అడగండి.

చుక్క అలగలేదండీ, కలవరపడుతోంది. ఆరేళ్లుగా తనదైన ఇంట్లో ఒక గది మూతపడింది, ఆ గదిలోంచి తెలియని వాసన వస్తోంది, మీ చేతులకూ అదే వాసన. మొదట చుక్కకు పాతవన్నీ అలాగే ఉంచండి. పడుకునే చోటు, తినే వేళ, మీతో ఆడే వేళ. కొత్తది వచ్చిందని పాతదాన్ని ఒక్క అడుగు కూడా పక్కకు జరపకూడదు.

రెండు వారాలు గడిచి, మబ్బు ఆరోగ్యం కుదిరాక వాసనతో మొదలుపెట్టండి. మెత్తటి గుడ్డతో మబ్బు బుగ్గలు రుద్దండి, దాన్ని చుక్క తిరిగే చోట నేల మీద వదిలేయండి. చుక్క బుగ్గలు రుద్దిన గుడ్డ మబ్బు గదిలో. ముఖం దగ్గర పెట్టకండి, తనే వచ్చి చూడాలి. చుక్క ఆ గుడ్డను చూసి బుస కొట్టడం మానిందంటే తర్వాత మెట్టు. మూసిన తలుపుకు అటొకరికి ఇటొకరికి ఒకే వేళకు మేత పెట్టండి. మొదట గిన్నెలు తలుపుకు చాలా దూరంగా, రోజూ ఒక జానెడు దగ్గరగా. ఇద్దరూ తలుపుకు ఆనుకుని తల దించి తినగలిగిన రోజు, కాస్త సందు తెరిచి గానీ జాలీ తలుపు లోంచి గానీ ఒకరికొకరు కనబడనివ్వండి. ఒక బుస, ఒక గుర్రు పరవాలేదు, అది మాటే. చెవులు వెనక్కి వాల్చి, కళ్లార్పకుండా చూస్తూ ఒళ్లు బిగిస్తే అక్కడితో ఆపి ఒక మెట్టు వెనక్కి రండి.

నాకు రెండు పిల్లులకు ఇది పది రోజుల్లో అయింది, ఇంకో రెండింటికి మూడు నెలలు పట్టింది. ఆ మూడు నెలలు చాలా విసుగ్గా గడిచాయి, ఒకరోజు తొందరపడి తలుపు తీశాను, నెల వెనక్కి పోయాను.

ట్రేలు మూడు పెట్టండి, రెండు పిల్లులకు ఇంకొకటి అదనంగా, మూడూ ఒకేచోట కాకుండా. నీళ్లు, మేత గిన్నెలు కూడా వేర్వేరు చోట్ల. గోకే కర్ర పొడుగ్గా, ఊగకుండా ఉండాలి. చుక్కకు ఎత్తులో ఒక చోటు కచ్చితంగా ఇవ్వండి, కూనకు అందనిది. ఆరేళ్ల పిల్లికి మూడు నెలల కూన ఆట ఎప్పుడూ కావాలనిపించదు, తప్పించుకునే దారి ఉంటేనే ఓర్చుకుంటుంది.

బూడిదరంగు తోక రాసింది:

ఇరవై ఆరో రోజు. బరువు 1,420. మూడో టీకా పోయిన వారం వేయించాం. రెండోసారి పరీక్షలో జియార్డియా లేదు, చుక్కకూ లేదు. బ్రీడర్ తండ్రి రిపోర్టు పంపలేదు, అందుకని మబ్బు బుగ్గ నమూనా ల్యాబ్‌కు పంపించాం. ఫలితం ఇంకా రాలేదు. వచ్చాక రాస్తాను, ఏదైనా సరే.

చంకల్లో ఉండలు మూడూ వేళ్లతోనే విప్పాను, ఎనిమిది రోజులు పట్టింది. ఇప్పుడు దువ్వెన తీస్తే వచ్చి దాని మీద బుగ్గ రుద్దుతోంది. పొట్ట మాత్రం ఇంకా ముట్టుకోనివ్వదు.

తలుపు దగ్గర గిన్నెలు ఇప్పుడు రెండు జానల దూరంలో ఉన్నాయి. నిన్న సాయంత్రం ఇద్దరూ తినడం అయ్యాక, మబ్బు తలుపు కింద సందులోంచి పంజా చాపింది. చుక్క దాన్ని చాలాసేపు చూసింది. గుర్రుమనలేదు. వాసన చూసి, వెళ్లి తన కుర్చీలో పడుకుంది. రాత్రి పదకొండింటికి దిగి వచ్చి నా కాళ్ల దగ్గర చేరింది.